పిల్లల సైకిల్ షాక్ అబ్జార్బర్: సర్దుబాటు, సంరక్షణ

తక్కువ ధర పిల్లల సైకిళ్లలో ముందు ఫోర్కులోనూ, కొన్నింటిలో సీటు కిందనూ అమర్చే షాక్ అబ్జార్బర్లు సాధారణంగా ఉక్కు స్ప్రింగుతోనే పనిచేస్తాయి. స్ప్రింగు ఎగసిపాటును అదుపు చేసే నూనె వ్యవస్థ వీటిలో చాలావరకు ఉండదు.

వెనుక స్ప్రింగుపై ఉన్న మరల రింగును బిగిస్తే బిడ్డ కూర్చున్నప్పుడు సైకిల్ తక్కువగా, వదులు చేస్తే ఎక్కువగా కుంగుతుంది. స్ప్రింగు సహజమైన గట్టిదనం మాత్రం మారదు. మొత్తం కదలికలో సుమారు నాలుగో వంతు కుంగితే సర్దుబాటు సరిపోయినట్లే. అసలు కుంగకపోతే ఆ స్ప్రింగు బిడ్డ బరువుకు మించినదని గ్రహించాలి. మెత్తదనం కోసం స్ప్రింగు చేతికి ఆడేంతగా రింగును వదలరాదు.

రాయ్‌పూర్‌లో వేసవి దుమ్ము, జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురిసే వానలు ఫోర్కు గొట్టాలను త్వరగా పాడుచేస్తాయి. వాటిని తరచూ పొడిగుడ్డతో తుడవాలి. పైపుతో నీటిని వేగంగా కొట్టినా, కిరోసిన్‌తో కడిగినా లోపలి గ్రీజు పోతుంది.

ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనుకకూ ఊపినప్పుడు టకటకమంటే హ్యాండిల్ బేరింగులోనో, ఫోర్కులోనో వదులు ఏర్పడినట్లు. వెనుక కీళ్ల బోల్టుల బిగువునూ నెలకొకసారి పరీక్షించాలి. వంగిన లేదా పగిలిన ఫోర్కును వెల్డింగుతో సరిపెట్టరాదు. కొత్తది అమర్చేవరకు బిడ్డను ఆ సైకిల్ ఎక్కనివ్వరాదు.