వంచితేనే తెలిసే వెల్డు

పోయిన వారం మన కుర్రాడొకడు వెల్డర్ పరీక్ష తప్పి వచ్చాడు. పగిలిన ముక్క తెచ్చి మా ముందు పెట్టాడు. చూస్తే వెల్డులో స్లాగ్ లేదు, బ్లోహోల్ లేదు. గ్రైండర్ గీతలు మాత్రం ముక్కకు అడ్డంగా, వెల్డు వెంబడే పడి ఉన్నాయి. పగులు సరిగ్గా అలాంటి ఒక గీత పట్టుకునే పోయింది. వాడి కోసం, వాడి వెనక వచ్చే పిల్లల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మన తిరుచ్చి తెలుగు ఇళ్ళలోకి ఈ పని ఎలా వచ్చిందో పెద్దలకు గుర్తే. 1965లో తిరువెరుంబూరు దగ్గర భెల్ బాయిలర్ ఫ్యాక్టరీ చెకోస్లొవేకియా సహకారంతో మొదలైంది. దాన్ని నమ్ముకుని చుట్టూ ఫ్యాబ్రికేషన్ షాపులు లేచాయి. 1975లో వెల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఇక్కడే వచ్చింది. బాయిలర్ పనిలో మాట మీద నమ్మకం చాలదు. దేశంలో 1923లోనే బాయిలర్ చట్టం వచ్చింది, 1950లో నిబంధనలు వచ్చాయి. వెల్డరు చేతిపని పరీక్షకు నిలబడాల్సిందే.

ఎందుకింత పట్టింపు అంటే ఓడల కథ చెప్పుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా రివెట్లు తగ్గించి, వెల్డింగ్‌తో గబగబా ఓడలు కట్టింది. లిబర్టీ రకానివే 2,710. 1943 జనవరి 16న స్కెనెక్టడీ అనే ట్యాంకర్ ఓడ పోర్ట్‌లాండ్ రేవులో, కదలని నీళ్ళలో, నిలుచున్నచోటే దాదాపు రెండుగా చీలింది. చలికి పెళుసయ్యే ఉక్కు, లోపమున్న వెల్డు రెండూ కలిసి చేసిన పని అది. లిబర్టీ ఓడల్లోనూ చాలా పగుళ్ళు డెక్కు మీది చదరపు హాచ్ మూలల్లో పుట్టాయి. రివెట్ల ఓడలో పగులు ప్లేటు అంచున ఆగేది, వెల్డు ఓడలో మాత్రం పక్క ప్లేటుకూ పాకింది. తర్వాత ఆ మూలల్ని గుండ్రం చేశారు.

మన చిన్న ముక్కకూ అదే సూత్రం. పదునైన మూల, లోతైన గీత ఉన్నచోటే పగులు మొదలవుతుంది. 10 మి.మీ. ప్లేటైతే రెండు కొసలు వదిలేసి, 38 మి.మీ. వెడల్పున ముక్కలు తీయాలి. గ్యాస్‌తో కోస్తే ఆ అంచును మరో 3 మి.మీ. అరగదీయాలి. వెల్డు ఉబ్బును ప్లేటు మట్టానికి తేవాలి. అంతకన్నా దిగితే సన్నబడిన చోటే వంపంతా చేరుతుంది. గీతలు ముక్క పొడవునా ఉండాలి. అంచుల్ని కొద్దిగా, 3 మి.మీ. దాటకుండా గుండ్రం చేయాలి. వేడి ముక్కను నీళ్ళలో ముంచొద్దు. ఆపైన ఒక ముక్కను ఫేస్ బయటికి, ఇంకోదాన్ని రూట్ బయటికి వచ్చేలా, మందానికి నాలుగింతల గుండ్రటి అచ్చు మీద యు ఆకారంలో వంచుతారు. వెల్డులో 3 మి.మీ. మించి పగులు తెరుచుకుంటే తప్పినట్టే.

ఈ తయారీ లోపాన్ని దాచడానికి కాదు. లేని లోపాన్ని మన చేత్తో మనమే పుట్టించకుండా ఉండటానికి. మాలోనూ కొందరం ఆ రోజుల్లో ఇలాగే తప్పి, నెలల తరబడి హెల్పర్లుగానే ఉండిపోయాం. అప్పుడు ఇది చెప్పేవాళ్ళు లేరు.

కుర్రాడు వచ్చే నెల మళ్ళీ పరీక్షకు వెళ్తున్నాడు. ఈ ఆదివారం పొద్దున సంఘం ఆవరణకు గ్రైండర్, నాలుగు ప్లేట్లు తీసుకుని వస్తున్నాం. మీ ఇంట్లో ఈ పనిలో ఉన్న పిల్లలుంటే పంపండి.