ఆర్‌వీ శిబిరాల్లో గోల్ఫ్ కార్ట్: ఒక అమెరికన్ అలవాటు పుట్టుపూర్వోత్తరాలు

ఇంటిని చక్రాల మీదికెక్కించి విహారానికి బయలుదేరే అలవాటు అమెరికాలో మోటారు కారు వెంటే వచ్చింది. వెనక సీటు పడకగా మారే, డ్రైవరు సీటు వీపు నుంచి చేతులు కడుక్కునే తొట్టి కిందికి దిగే కారును పియర్స్-యారో సంస్థ 1910లోనే న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రదర్శించింది. 1919లో ఫ్లోరిడాలోని టాంపా నగరంలో ‘టిన్ క్యాన్ టూరిస్ట్స్’ అనే సంఘం ఏర్పడింది. డబ్బాల్లో నిలవచేసిన ఆహారం వెంట తెచ్చుకుని, ఫోర్డ్ కార్ల పక్కన గుడారాలు వేసుకునే ఈ యాత్రికులకు రెండో వాహనం అవసరమే కలగలేదు; గుడారం ఉన్నచోటనే ఉంటుంది, కారు తాళ్లు విప్పుకుని అంగడికి వెళ్లి వస్తుంది.

ఇల్లూ వాహనమూ ఒకటైనప్పుడే చిక్కు మొదలైంది. అయోవా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీలో విన్నెబాగో సంస్థ 1966 నుంచి ఇంజను, వంటగది, పడకలు ఒకే పెట్టెలో ఇమిడిన మోటార్ హోమ్‌లను పెద్దయెత్తున తయారుచేయడంతో, అంతవరకు సంపన్నుల వేడుకగా ఉన్న ఈ బండి మధ్యతరగతి కుటుంబాలకూ అందుబాటులోకి వచ్చింది. ఇంజనున్న మోటార్ హోమ్‌ను, మరో బండి వెనక లాగించుకునే ట్రైలర్‌ను కలిపి రిక్రియేషనల్ వెహికల్ అని, పొట్టిగా ఆర్‌వీ అని వ్యవహరిస్తారు. అటువంటి బండి శిబిరానికి చేరగానే దాన్ని జాకీల మీద సమంగా నిలబెట్టి, కరెంటు తీగ, మంచినీటి గొట్టం, మురుగు గొట్టం మూడింటినీ తగిలిస్తారు. ఆ తరువాత రొట్టె కొనడానికో, స్నానాల గది దాకా వెళ్లడానికో మోటార్ హోమ్‌ను కదిలించాలంటే కాపురం మొత్తం సర్ది మళ్లీ పరచుకోవలసిందే.

ఈ ఖాళీలోకి వచ్చిన గోల్ఫ్ కార్ట్ నిజానికి శిబిరాల కోసం పుట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు రేషన్ విధించినప్పుడు విద్యుత్ బండ్ల తయారీలో అనుభవం గడించిన కాలిఫోర్నియావాసి మెర్ల్ విలియమ్స్, 1951లో తన మార్కెటీర్ సంస్థ ద్వారా రెడ్‌లాండ్స్ పట్టణంలో విద్యుత్ గోల్ఫ్ బండ్ల ఉత్పత్తి ప్రారంభించాడు. 1954లో జార్జియా రాష్ట్రంలోని అగస్టా నగరంలో ఈ-జెడ్-గో సంస్థ వెలిసింది. హ్యూస్టన్‌లో మొదలైన క్లబ్ కార్ కూడా 1962లో అక్కడికే తరలిరావడంతో ఆ ఊరు ఈ పరిశ్రమకు పుట్టినిల్లులాంటిదైంది. తొలినాళ్లలో గోల్ఫ్ కార్ట్‌ను నడవలేనివారి సాధనంగానే చూశారు. వైద్యుడి చీటీ చూపితే తప్ప మైదానంలోకి అనుమతించని క్లబ్బులూ ఉండేవి. మన పెద్ద రైల్వే స్టేషన్లలో వృద్ధులను ప్లాట్‌ఫారం మీద చేరవేసే బ్యాటరీ కారుకు ఇది దగ్గరి చుట్టం.

దాని గుండెకాయ బ్యాటరీ. ఆరేసి వోల్టుల సీసపు ఆమ్ల బ్యాటరీలు ఆరింటిని వరుసగా కలిపి 36 వోల్టులు రాబట్టడం చిరకాలం సాగిన పద్ధతి. తరువాతి కాలంలో 48 వోల్టులు వాడుకలోకి వచ్చాయి. కారు బ్యాటరీ ఇంజనును తిప్పడానికి ఒక్కసారిగా బోలెడంత విద్యుత్తునిచ్చి మళ్లీ నిండిపోతుంది. గోల్ఫ్ బ్యాటరీ మాత్రం రోజంతా కొద్దికొద్దిగా ఖాళీ అవుతూ రాత్రి నిండాలి కనుక దానిలోని పలకలను మందంగా చేస్తారు. సరిగ్గా ఈ గుణం వల్లనే, కరెంటు లేని అడవుల్లో బస చేసే ఆర్‌వీ యజమానులు తమ ఇంటి దీపాలకూ నీటి పంపుకూ ఇవే ఆరు వోల్టుల బ్యాటరీలను బిగించుకున్నారు. అనేక ఆర్‌వీల కిందికి గోల్ఫ్ కార్ట్ కన్నా ముందు గోల్ఫ్ కార్ట్ బ్యాటరీ చేరిందన్న సంగతిని ఈ వాహన చరిత్రలు అంతగా పట్టించుకోవు.

బండి సిద్ధంగా ఉంటే చాలదు, నడిచి తిరగలేనంత పెద్ద శిబిరాలు కావాలి. 1962లో సియాటిల్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్లే యాత్రికుల రద్దీని చూసి మోంటానాలోని బిల్లింగ్స్‌లో ఎల్లోస్టోన్ నది ఒడ్డున తెరిచిన శిబిరం కేఓఏ అనే దేశవ్యాప్త గొలుసుకు మొదటి లంకె. దాని బాటలో వచ్చిన ప్రైవేటు శిబిరాలు ఈతకొలనులు, దుకాణాలు, ఆటస్థలాలతో చిన్నపాటి ఊళ్లుగా పెరిగాయి. వీటిలో 1971 నవంబరులో ఫ్లోరిడాలో తెరుచుకున్న డిస్నీ ఫోర్ట్ వైల్డర్‌నెస్ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. సుమారు 750 ఎకరాల అడవిలో కార్ల సంచారాన్ని తగ్గించడానికి లోపల బస్సులు నడపడమే కాక, 1973లో ఆవిరి ఇంజన్ల చిన్న రైలును కూడా ప్రవేశపెట్టారు. 1980 నాటికి ఆ రైలు మూతపడింది. చివరికి అతిథుల చేతికి చిక్కిన సాధనం అద్దె గోల్ఫ్ కార్ట్. హాలోవీన్ పండుగకు ఆ బండ్లను ఓడలుగా, రాక్షసులుగా అలంకరించి ఊరేగించడం అక్కడ ఏటేటా జరిగే వేడుకైంది.

విశ్రాంత జీవుల ఊళ్లు ఈ అలవాటుకు మరో పాయ. 1960 జనవరి 1న అరిజోనాలో డెల్ వెబ్ తెరిచిన సన్ సిటీలో గోల్ఫ్ బండి మైదానం దాటి వీధిలోకి వచ్చింది. జార్జియాలోని పీచ్‌ట్రీ సిటీలో దానికి ప్రత్యేక బాటలే వేశారు. చలికాలమంతా అరిజోనా, టెక్సాస్, ఫ్లోరిడాలలోని ఆర్‌వీ విడిదుల్లో గడిపే ఉత్తరాది వృద్ధులను అక్కడ ‘స్నోబర్డ్స్’ అంటారు. నెలల తరబడి ఒకేచోట ఉండేవారికి కార్ట్ వెంట తెచ్చుకోవడం సబబే. గోల్ఫ్ క్లబ్బులు కొన్నేళ్లు వాడి వదిలించుకునే పాత బండ్లు చవకగా దొరకడం కూడా దీనికి కలిసివచ్చింది. నలభై యాభై స్థలాలున్న చెట్లనీడ శిబిరానికి రెండు రోజుల కోసం దాన్ని మోసుకురావడం మాత్రం అవసరం కన్నా ఆడంబరమే.

మోసుకురావడమన్నది తేలిక మాట కాదు. సీసపు బ్యాటరీలతో కలిపి కార్ట్ బరువు ఇంచుమించు అర టన్ను. మోటార్ హోమ్ వెనక చిన్న ట్రైలర్ మీద దాన్ని లాగితే, మామూలుగా అక్కడ కట్టుకునే కారును ఇంటి దగ్గర వదిలిపెట్టాలి. పికప్ ట్రక్కు లాగే ఆర్‌వీ ట్రైలర్‌కు వెనక మరో ట్రైలర్ తగిలించడాన్ని కొన్ని రాష్ట్రాలు అనుమతిస్తాయి, కొన్ని నిషేధిస్తాయి. వెనక గోడ వంతెనలా నేలకు వాలి లోపల బండి పట్టేంత చోటున్న ‘టాయ్ హాలర్’ రకం ఆర్‌వీలు ఈ ఇబ్బందిని కొంత తీర్చాయి. ఎడారిలో మోటారు సైకిళ్లు తిప్పేవారి కోసం తయారైన వాటిలోకి గోల్ఫ్ కార్ట్ తరువాత వచ్చిన అతిథి.

గంటకు 20 మైళ్లకు మించి 25 మైళ్ల దాకా వెళ్లే చిన్న బండ్లను 1998లో కేంద్ర రవాణా నిబంధనలు ప్రత్యేక తరగతిగా గుర్తించి వాటికి హెడ్‌లైట్లు, అద్దాలు, సీటు బెల్టులు తప్పనిసరి చేశాయి. అంతకన్నా నెమ్మదైన మామూలు గోల్ఫ్ కార్ట్ ఆ పరిధిలోకి రాలేదు కనుక దాని సంగతి రాష్ట్రాల చట్టాలకూ, స్థల యజమానుల ఇష్టానికీ మిగిలింది. ప్రభుత్వ పార్కుల్లోని దారులకు ట్రాఫిక్ చట్టాలు వర్తిస్తాయి గనుక రిజిస్ట్రేషన్ లేని కార్ట్‌కు అక్కడ సాధారణంగా చోటుండదు. ప్రైవేటు శిబిరాలు డ్రైవింగ్ లైసెన్సు, బీమా పత్రం, రోజువారీ రుసుము అడుగుతాయి; కొన్ని పెట్రోలు బండ్లను చప్పుడు కారణంగా రానివ్వవు. తలుపులు లేని ఆ బండి మలుపు తిరిగేటప్పుడు జారిపడి గాయపడేవారిలో పిల్లలు చెప్పుకోదగిన సంఖ్యలో ఉండడం ఈ కట్టుదిట్టాలకు బలమైన కారణం. బయటి బండ్లను పూర్తిగా నిషేధించి తమవే అద్దెకిచ్చే యజమానులు భద్రత పేరే చెబుతారు గాని, అద్దె రాబడికి అందులో పాత్ర లేదనుకోవడం అమాయకత్వం.

యజమానుల ఈ ఇష్టానికి చట్టం ఒకచోట హద్దు గీసింది. నడవడానికి కాలు సహకరించని గోల్ఫ్ క్రీడాకారుడు కేసీ మార్టిన్‌కు పోటీల్లో కార్ట్ వాడే హక్కుందని 2001లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2011 మార్చిలో అమలులోకి వచ్చిన వికలాంగుల హక్కుల నిబంధనలు, వికలాంగులు కదలడానికి వాడుకునే ఇతర యాంత్రిక సాధనాల జాబితాలో గోల్ఫ్ కార్ట్‌ను పేరుపెట్టి చేర్చాయి. వాటి ప్రకారం నిజమైన భద్రతా కారణం చూపలేని శిబిర యజమాని అటువంటివారి బండిని కాదనకూడదు. వైకల్యం ఏమిటని ప్రశ్నించకూడదు. అవసరముందని నమ్మదగిన హామీ మాత్రం కోరవచ్చు. రాష్ట్రం జారీచేసిన వికలాంగుల పార్కింగ్ కార్డు చూపితే ఆ హామీ చెల్లుతుంది.