వాల్‌మార్ట్: ఆ చౌక ధర ఎక్కడి నుంచి వచ్చింది?

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో సామ్ వాల్టన్ సైన్యం నుంచి బయటికొచ్చి ఆర్కన్సా రాష్ట్రంలోని న్యూపోర్ట్ అనే చిన్న పట్టణంలో ఓ దుకాణం కొన్నాడు. వయసు 27. తన దగ్గరున్నవి 5 వేల డాలర్లు, మామగారు అప్పుగా ఇచ్చినవి 20 వేలు. ఆ దుకాణం బెన్ ఫ్రాంక్లిన్ అనే పెద్ద సంస్థ పేరు మీద నడిచేది. సరుకులో ఎక్కువ భాగం ఆ సంస్థ దగ్గరే, అది చెప్పిన ధరకే కొనాలి. వాల్టన్‌కు అక్కడే చిక్కొచ్చింది. మధ్యలో వాళ్లు తినే లాభం తనకు మిగిలితే ధర ఇంకా తగ్గించవచ్చు కదా అనుకుని సొంతంగా సరుకు వెతకడం మొదలుపెట్టాడు.

ఆడవాళ్ల లోదుస్తుల విషయంలో జరిగిందే చూడండి. అవి డజను రెండున్నర డాలర్లకు వచ్చేవి. డాలరుకు మూడు చొప్పున అమ్మితే డజనుకు డాలరున్నర మిగిలేది. న్యూయార్క్‌లో ఓ ఏజెంటు అదే సరుకు డజను రెండు డాలర్లకు ఇస్తానన్నాడు. ఇంకో వ్యాపారి అయితే అమ్మకం ధర అలాగే ఉంచి, డజనుకు రెండు డాలర్ల లాభం కళ్లకద్దుకునేవాడు. వాల్టన్ డాలరుకు నాలుగు చొప్పున అమ్మాడు. డజను మీద లాభం డాలరుకు పడిపోయింది గానీ, సరుకు మాత్రం ఎగబడి కొన్నారు. ఒక్కో వస్తువు మీద తక్కువ మిగిలినా అమ్మకం పెరిగితే మొత్తం లాభం ఎక్కువే అవుతుందన్న ఆ లెక్కను ఆయన చివరిదాకా వదల్లేదు. ఏటా 72 వేల డాలర్ల బేరం ఉన్న ఆ కొట్టు ఐదేళ్లలో రెండున్నర లక్షలకు చేరింది.

అంతా బాగుందనుకునే వేళకు కొట్టే చేజారింది. గడువు తీరాక లీజు పొడిగించుకునే హక్కు కాగితాల్లో రాసుకోలేదు. భవనం యజమాని ఆ దుకాణం తన కొడుక్కి కావాలన్నాడు. 1950లో వాల్టన్ కుటుంబంతో సహా అదే రాష్ట్రంలో మూడు వేల జనాభా ఉన్న బెంటన్‌విల్‌కు వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద చిల్లర వ్యాపార సంస్థకు నేటికీ కేంద్ర స్థానం ఆ ఊరే.

తగ్గింపు ధరల దుకాణాలు పెడదామని వాల్టన్ చెబితే బెన్ ఫ్రాంక్లిన్ పెద్దలు ఒప్పుకోలేదు. దాంతో పెట్టుబడిలో 95 శాతం తానే పెట్టుకుని 1962 జులై 2న పక్కనే ఉన్న రోజర్స్ పట్టణంలో మొదటి వాల్‌మార్ట్ తెరిచాడు. పోటీ సంస్థలు కేమార్ట్, టార్గెట్ పుట్టిందీ ఆ ఏడాదే. వాటి చూపు నగరాల మీద, వాటి శివార్ల మీద ఉంటే, వాల్టన్ పెద్ద కంపెనీలు కన్నెత్తి చూడని చిన్న ఊళ్లను ఎంచుకున్నాడు. సొంతంగా చిన్న విమానం నడుపుతూ, పైనుంచి ఊళ్లు ఎటు పెరుగుతున్నాయో, రోడ్లు ఎక్కడ కలుస్తున్నాయో చూసి స్థలం నిర్ణయించేవాడు. గోదాము నుంచి లారీ ఒక్క రోజులో వెళ్లి రాగల దూరంలోనే దుకాణాలు పెట్టాడు. ఒక ప్రాంతం నిండాకే పక్క ప్రాంతానికి కదిలేవాడు. 1970లో షేర్లు మార్కెట్లోకి తెచ్చి, ఆ సొమ్ముతో అప్పుల బరువు దించుకున్నాడు.

వాల్‌మార్ట్ అసలు బలం దుకాణంలో కన్నా గోదాములో ఉందని నా అభిప్రాయం. ఒక వైపు ఫ్యాక్టరీ లారీలు సరుకు దించుతుంటే, దాన్ని అరల్లో పేర్చకుండా అటు నుంచి అటే దుకాణాలకు వెళ్లే లారీల్లోకి ఎక్కించేవాళ్లు. దుకాణంలో సరుకు దించిన లారీ ఖాళీగా తిరిగి రాకుండా, దారిలో ఉన్న ఫ్యాక్టరీ దగ్గర ఆగి కొత్త సరుకు తెచ్చేది. దుకాణాలన్నింటినీ కలుపుతూ 1987లో సొంత ఉపగ్రహ వ్యవస్థను పూర్తి చేశారు. ఏ ఊళ్లో ఏ సబ్బు ఎన్ని అమ్ముడైందో బెంటన్‌విల్‌లో కూర్చుని చూసేవాళ్లు. ఆ తర్వాత ఆ లెక్కలను సరుకు తయారుచేసే కంపెనీలకూ చూపించి, ఎప్పుడు ఎంత పంపాలో వాళ్లనే చూసుకోమన్నారు. పొదుపు పై స్థాయిలోనూ ఉండేది. అధికారులు పనిమీద వెళితే హోటల్ గదిలో ఇద్దరేసి సర్దుకోవాల్సిందే. 1985లో అమెరికాలో అందరికంటే ధనవంతుడని ఫోర్బ్స్ పత్రిక ప్రకటించిన వాల్టన్ పాత ఫోర్డ్ పికప్‌లోనే తిరిగేవాడు. వృథా తగ్గించి ధర తగ్గించిన ఈ పద్ధతిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. దీనివల్ల ఎవరి కడుపూ కాలలేదు.

ధర ఇంకా తగ్గించడానికి సొంత ఖర్చులు కోసుకోవడం చాలనప్పుడు సంస్థ చూపు సరుకు ఇచ్చేవాళ్ల మీద పడింది. వ్లాసిక్ అనే కంపెనీ దోసకాయ ఊరగాయకు పేరు మోసింది. 1990ల చివర్లో ఆ కంపెనీ గ్యాలన్ సీసాను, అంటే దాదాపు నాలుగు లీటర్ల సీసాను, వాల్‌మార్ట్ 2 డాలర్ల 97 సెంట్లకు అమ్మింది. ఒక కుటుంబం ఏడాది పొడవునా తిన్నా తరగనంత ఊరగాయ అది. జనం విరగబడి కొన్నారు. తయారీదారుకు సీసాకు మిగిలింది ఒకటి రెండు సెంట్లు. పైగా మంచి లాభం ఇచ్చే చిన్న సీసాల అమ్మకం పడిపోయింది. ధర పెంచుతామంటే వాల్‌మార్ట్ చాలాకాలం ఒప్పుకోలేదు. వ్లాసిక్ 2001లో దివాలా రక్షణ కోరడానికి ఇతర కారణాలూ ఉన్నాయి గానీ, వ్యాపారంలో పెద్ద భాగం ఒకే కొనుగోలుదారు చేతిలో ఉంటే కాదనే ధైర్యం ఎవరికీ మిగలదు.

చివరి భారం కార్మికుల మీద పడింది. మొదటి రోజుల్లో గుమస్తాలకు సరిగా జీతాలు ఇవ్వలేదని వాల్టనే తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. భార్య హెలెన్ పట్టుబట్టాక, 1971లో మామూలు ఉద్యోగులకూ లాభాల్లో వాటా ఇచ్చారు. యూనియన్ మాటెత్తితే మాత్రం సంస్థ సహించలేదు. కెనడాలోని జాన్‌కియేర్‌లో కార్మికులు యూనియన్ పెట్టుకుంటే 2005లో ఆ దుకాణాన్నే మూసేశారు. దుకాణం సరిగా నడవడం లేదని సంస్థ చెప్పింది. 2014లో ఆ దేశ సుప్రీంకోర్టు కార్మికుల పక్షాన తీర్పు చెప్పింది. అమెరికాలో విరామం ఇవ్వకుండా, గంటలకు కూలి కట్టకుండా పని చేయించుకున్నారన్న 63 కేసుల పరిష్కారానికి గరిష్ఠంగా 64 కోట్ల డాలర్లు చెల్లించడానికి సంస్థ 2008లో ఒప్పుకుంది. వాల్టన్ 1992లోనే చనిపోయాడు కాబట్టి ఇదంతా వారసుల తప్పు అనేవాళ్లున్నారు. నేనలా అనుకోను. ధర ఏటికేడాది తగ్గాలన్న పట్టుదల ఆయన పెట్టిందే.

ఈ పద్ధతి అన్నిచోట్లా సాగలేదు. జర్మనీలో 1997లో అడుగుపెట్టిన వాల్‌మార్ట్‌కు అంతకంటే చౌకగా అమ్మే ఆల్డీ ఎదురైంది. పాలు, వెన్న లాంటివి కొన్న ధర కన్నా తక్కువకు అమ్మకూడదని అక్కడి పోటీ నియంత్రణ సంస్థ ఆదేశించింది. 2006లో వాల్‌మార్ట్ దుకాణాలు అమ్మేసి వెనుదిరిగింది.

మన దేశంలో దారి వేరు. విదేశీ సంస్థ నేరుగా జనానికి అన్ని రకాల సరుకూ అమ్మడానికి చట్టం సులువుగా ఒప్పుకోదు కాబట్టి, 2009లో అమృత్‌సర్‌లో ‘బెస్ట్ ప్రైస్’ పేరుతో హోల్‌సేల్ దుకాణం తెరిచారు. హైదరాబాద్, విజయవాడ, గుంటూరుల్లోనూ అవి వచ్చాయి. లోపలికి వెళ్లాలంటే కిరాణా కొట్టో హోటలో ఉన్నట్టు చూపించి సభ్యత్వం తీసుకోవాల్సి వచ్చేది. తర్వాత 2018లో వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లు పెట్టి ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా కొన్నది. మరో రెండేళ్లకు ఆ హోల్‌సేల్ దుకాణాలనూ ఫ్లిప్‌కార్ట్ కిందికే చేర్చారు.

చౌకగా అమ్మడం తప్పు కాదు. బీద ఇంటికి పది రూపాయలు మిగలడం చిన్న విషయమూ కాదు. అయితే ఆ పది రూపాయలు లారీ ఖాళీగా తిరగకపోవడం వల్ల మిగిలాయా, పనిచేసినవాడి కూలి ఎగ్గొట్టడం వల్ల మిగిలాయా అని అడిగే హక్కు కొనేవాళ్లకు ఉంది. ఆ లెక్క బయటపెట్టించే బాధ్యత ప్రభుత్వాలది. మన ఊళ్లలో పెద్ద దుకాణాలకు అనుమతులు ఇచ్చే ముందే ఆ పని చేయాలి.