బోర్డు మీద రాగి తూకం

మహేశ్వరం మండలం రావిర్యాలలో 2006లో ఫ్యాబ్ సిటీ అనుకున్నప్పుడు అందరి నోటా చిప్పుల మాటే. చిప్పుల ఫ్యాక్టరీ రాలేదు గానీ సోలార్ ప్యానెళ్లు వచ్చాయి, టీవీలు వచ్చాయి. మహేశ్వరంలో 300 ఎకరాలకు పైగా స్థలంలో మరో ఎలక్ట్రానిక్స్ క్లస్టర్ వెలిసింది. పక్కనే ఇబ్రహీంపట్నం మండలం కొంగర కలాన్‌లో 2023 మేలో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. ఇన్నేళ్లలో చిప్పు గురించి చాలా మాట్లాడుకున్నాం. చిప్పును మోసే పచ్చ బోర్డు గురించి, దాని మీద రాగి ఎక్కడ ఎంత ఉండాలన్న దాని గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోలేదు. బోర్డు గీసేవాళ్లకూ చేసేవాళ్లకూ మధ్య దూరం పెరిగే కొద్దీ రాగి తూకం తప్పుతుందనీ, ఆ నష్టం చివరికి బోర్డు కొన్నవాడి నెత్తిన పడుతుందనీ ఈ బోర్డుల చరిత్ర చూస్తే నాకు అనిపిస్తుంది.

ఆస్ట్రియా నుంచి లండన్ చేరిన పాల్ ఐస్లర్ 1936లో అచ్చు సర్క్యూట్‌తో రేడియో చేసి చూపించాడు. పలకంతా రాగి రేకు అంటించి, అక్కర్లేని రాగిని యాసిడ్‌తో తినిపించేసి, తీగలుగా పనికొచ్చేదాన్ని మిగల్చడమే ఆ పద్ధతి. నేటికీ బోర్డు తయారీకి అదే పునాది. తొలినాటి బోర్డులకు రాగి ఒక పక్కే ఉండేది. వేడి తగిలితే రాగి ఒకలా, కింది పలక మరోలా సాగుతాయి. ఒకవైపే ఎండ తగిలిన చెక్కలా, కరిగిన సోల్డర్ అల మీదుగా వెళ్లి వచ్చిన బోర్డు వంకర తిరిగేది. ఆ కాలంలో డిజైనరు పారదర్శక ఫిల్మ్ మీద నల్ల టేపు అంటించి, అసలు కొలతకు రెండు నుంచి నాలుగింతల పెద్ద బొమ్మ తయారుచేసేవాడు. పెద్ద రాగి మైదానం కావాల్సిన చోట దాన్ని జల్లెడలా గళ్లుగళ్లుగా వదిలేవారు. వంపు తగ్గడానికీ, సోల్డర్ వేడికి లోపల చిక్కిన ఆవిరి రాగిని బుడగలా లేపకుండా ఉండడానికీ ఆ గళ్లు పనికొచ్చేవి. గీసేవాడూ చేసేవాడూ చాలాచోట్ల ఒకే ఆవరణలో ఉన్న రోజులవి. 1967లో ఏ.ఎస్. రావు నాయకత్వంలో హైదరాబాద్‌లో మొదలైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, తొలి ఏళ్లలోనే కంప్యూటర్లు చేయగలిగిందంటే డిజైనూ తయారీ ఒక్క కప్పు కింద ఉండడం కూడా కారణమేనని నేననుకుంటాను.

బోర్డుకు పొరలు పెరిగాక చిక్కులు ముదిరాయి. 1960ల్లో రంధ్రాల గోడలకు రాగి పూత పట్టించి పొరలను కలపడం వచ్చింది. పూత తొట్టిలో కరెంటు బోర్డంతా సమానంగా పంచుకోదు. పంక్తిలో నలుగురే కూర్చుంటే వడ్డన ఎక్కువ పడినట్టు, ఒంటరిగా ఉన్న తీగ మీద రాగి దట్టంగా పేరుకుంటుంది. తీగలు కిక్కిరిసిన చోట పూత పలచబడుతుంది. అందుకే ఖాళీ జాగాల్లో ఏ సర్క్యూట్‌కూ చెందని చిన్నచిన్న రాగి చుక్కలు పెడతారు. అదనపు కరెంటును అవి తాగేస్తాయి. పొరలను వేడి ప్రెస్సులో అతికించేటప్పుడు ఇంకో సమస్య. లోపలి పొరలో రాగి లేని చోటును కరిగిన రెసిన్ నింపాలి. చాలకపోతే అక్కడ గుంట పడుతుంది. పైనుంచి రెండో పొరలో రాగి నిండుగా ఉండి, కింది నుంచి రెండో పొర బోసిగా ఉంటే చల్లారేటప్పుడు బోర్డు ఒక పక్కకు లాగుతుంది. భాగాలను పైనే అతికించే సర్ఫేస్ మౌంట్ బోర్డుకు, ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ పాటించే ఐపీసీ ప్రమాణం అనుమతించే వంపు 0.75 శాతమే. 200 మిల్లీమీటర్ల బోర్డుకు అది 1.5 మిల్లీమీటర్లు. బోర్డును గ్రానైట్ బల్ల మీద పెట్టి అంచు కింద ఆ మందం గేజి దూర్చితే, అది దూరిందా లేదా అన్నదే తీర్పు.

ఫ్యాబ్ సిటీ మాట పుట్టిన 2006లోనే, జూలై 1 నుంచి, యూరప్ సీసం సోల్డర్‌ను ఆపేసింది. 183 డిగ్రీల దగ్గర కరిగే సోల్డర్ స్థానంలో 217 డిగ్రీలు దాటితే గానీ కరగనిది వచ్చింది. ఓవెన్ వేడి పెరిగింది, బోర్డు వంపూ పెరిగింది. కింద వందల సోల్డర్ బంతులున్న చిప్పు మూల కాస్త లేస్తే చాలు, బంతి బోర్డు మీది సోల్డర్‌ను తాకీ తాకనట్టు ఉండిపోతుంది. పరీక్షలో పాసై, నెలల తర్వాత ఇంట్లో చెడిపోయే కొన్ని టీవీల్లో ఇలాంటి అతుకులుంటాయి.

తూకం కోసం ఖాళీ జాగాల్లో రాగి నింపితే సిగ్నల్ చెడుతుందన్న అభ్యంతరంలో నిజముంది. వేగమైన సిగ్నల్‌కు తిరుగు కరెంటు దాని తీగ కిందనే, పక్క పొరలోని గ్రౌండ్ ప్లేన్ అనే రాగి పరుపులో పారుతుంది. ఆ ప్లేన్ అఖండంగా ఉండడం తయారీకి కావాల్సిన తూకానికీ పనికొస్తుంది. అయితే ఎక్కడా కలపని పెద్ద రాగి ముక్క యాంటెన్నాలా మారొచ్చు, తీగకు దగ్గరగా పెట్టిన చుక్క దాని ఇంపిడెన్స్‌ను మార్చొచ్చు. కాబట్టి నింపడం ఒక్కటే సరిపోదు, దూరం పాటించాలి, పెద్ద ముక్కలను గ్రౌండ్‌కు కుట్టాలి. ఖర్చు పెరుగుతుందన్న మాట లోపలి పొరల విషయంలో నిలవదు. రాగి మొదటే పలకంతా ఉంది, మిగల్చడానికి డబ్బు అక్కర్లేదు, తీసేయడానికే రసాయనం కావాలి. పూత పట్టే బయటి పొరల్లో మాత్రం కొంత రాగి అదనంగా పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఒక్క బటన్‌తో నింపేస్తుంది కదా అంటారు. నింపుతుంది. కానీ ఆ బోర్డును ఏ తొట్టిలో ముంచుతారో, అదే తయారీ ప్యానెల్‌లో దాని పక్కన ఏముందో దానికి తెలియదు.

కేంద్రం 2025 మార్చి 28న ఆమోదించిన రూ.22,919 కోట్ల ఎలక్ట్రానిక్ విడిభాగాల పథకంలో మల్టీలేయర్ బోర్డులూ ఉన్నాయి. మహేశ్వరం ఇన్నాళ్లూ ముఖ్యంగా బిగింపు పనితోనే పేరు తెచ్చుకుంది. బోర్డు డిజైను కూడా ఇక్కడే పెరగాలని కోరుకునేవాళ్లకు నా మనవి ఇది: కొత్తగా చేరిన ప్రతి డిజైనరునూ మొదటి నెలలో ఒక వారం పూత తొట్టి దగ్గరా, లామినేషన్ ప్రెస్సు దగ్గరా నిలబెట్టండి. తాను గీసిన బోర్డును గ్రానైట్ బల్ల మీద పెట్టి, గేజిని అతని చేతికే ఇవ్వండి.