మన్యంలో మత్తు చట్టాలు – కల్లు మొదలు గంజాయి వరకు

రాజవొమ్మంగి పేరు వినగానే ఆంధ్రులకు జ్ఞప్తికి వచ్చేది 1922 ఆగస్టు 24వ తేదీ. అంతకు ముందు రెండు రోజులలో చింతపల్లి, కృష్ణదేవిపేట పోలీసు ఠాణాలను ముట్టడించిన అల్లూరి సీతారామరాజు నాడు రాజవొమ్మంగి ఠాణాపై పడి తుపాకులు వశపరచుకొని, అచట నిర్బంధంలో ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించినాడు. ఈ కథ మన ఇళ్లలో పిల్లలకు సైతం తెలిసినదే. దీనికి నలభై మూడేళ్ల ముందు, రాజవొమ్మంగికి పొరుగుననే ఉన్న అడ్డతీగలలో మరొక ఠాణా తగులబడినది. ఆనాటి తగవుకు మూలం భూమి కాదు, కల్లు. అంత ప్రసిద్ధి పొందని ఆ తగవును గూర్చియే ఇక్కడ ముచ్చటింపదలచినాను.

కొండవారికి జీలుగు చెట్టు కన్నబిడ్డ వంటిది. పెళ్లికి, చావుకు, దేవతల పండుగలకు కల్లు లేక పని జరగదు. గింజలు నిండుకొనే రోజులలో అది కొంత ఆహారం కూడ. ఎవరి చెట్టు వారు గీసుకొనుట తరతరాల వాడుక. 1879కి ముందు సర్కారువారు మన్యంలోనికి కొత్త ఆబ్కారీ నిబంధనలు తెచ్చినారు. ఇంటి వాడకానికి సైతం కల్లు గీయరాదన్నారు. కల్లు రాబడిని పల్లపు ప్రాంతాల గుత్తదార్లకు అప్పగించినారు. రంప మన్సబుదారు ఊరుకున్నాడా? చిగురుపన్ను, మొదలుపన్ను అనే పేర్లతో తన వంతు తానూ పిండదలచినాడు. నిన్నటి వరకు తాత నేర్పిన పని నేడు నేరమైనది. తన పెరటి చెట్టెక్కినవాడు చెట్టు దిగేసరికి ముద్దాయి!

దీనికి తోడు వర్తకుల బెడద. పల్లపు వర్తకులు అప్పులిచ్చి, పత్రాలు వ్రాయించుకొని, కొండవాడు ఎన్నడూ చూడని న్యాయస్థానంలో ఏకపక్షపు డిక్రీలు పొందేవారు. అయిదు రూపాయల బాకీకి నూరు రూపాయల సొత్తు తోలుకొనిపోయిన ఉదంతాన్ని ఆ ప్రభుత్వపు గోదావరి జిల్లా గెజెటీరే నమోదు చేసినది. ఆ వర్తకులకు, గుత్తదార్లకు కొమ్ము కాచింది పోలీసులేనని కొండవారి నమ్మకం. 1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో తిరుగుబాటు లేచినప్పుడు మొదటి దెబ్బ పోలీసుల మీద పడుటలో వింత లేదు. ఏప్రిల్‌లో ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల ఠాణాను కాల్చివేసినాడు. కలహం గొలుగొండ కొండల దాకా ప్రాకినది. దానిని అణచుటకు మద్రాసు పదాతిదళాలు, హైదరాబాదు కంటింజెంటు రావలసివచ్చినది. 1880 ఫిబ్రవరిలో చంద్రయ్య, ఆ ఏడే జూన్‌లో తమ్మన్నదొర హతులైనారు. పట్టుబడినవారిలో పలువురు అండమానుకు ప్రవాసం పోయినారు. మన్సబు రద్దయినది. కల్లు విషయంలో మాత్రం సర్కారు వెనుకకు తగ్గినది.

ఇక అదే సర్కారు నల్లమందు పట్ల ఎట్లు వ్యవహరించినదో చూడండి. 1857, 1878 సంవత్సరాల నల్లమందు చట్టాలు ప్రజలను మత్తునుండి కాపాడుటకు పుట్టినవి కావు. పంట, తయారీ, అమ్మకం సర్కారు గుప్పిట ఉంచుటకు పుట్టినవి. గాజీపురం కర్మాగారంలో తయారైన సరుకు లైసెన్సు దుకాణాలలో అమ్ముడయ్యేది. మన్యపు జ్వరానికి అదే మందని కొండవారు మ్రింగేవారు. గంజాయిపై విచారించిన 1893–94 నాటి కమిషన్ కూడ, మితమైన వాడకం వలన పెద్ద హాని లేదనీ, నిషేధం కంటె పన్ను, అదుపు మేలనీ తేల్చినది. అనగా ఆనాటి శిక్షాస్మృతిలో నేరం మత్తు కాదు; లైసెన్సు లేకపోవుట. ఈ మాట గుర్తుంచుకొంటే తర్వాతి కథ సుబోధమవుతుంది.

సీతారామరాజు దారి వేరు. ఆయన తిరుగుబాటుకు పూర్వమే పంచాయతీలు పెట్టించి, కోర్టుల కెక్కవద్దనీ, త్రాగుడు మానమనీ ఊరూరా తిరిగి బోధించినాడు. కల్లు గీసుకొనే హక్కుకై ఒక తరం పోరాడిన గడ్డ మీదనే మరుతరం నాయకుడు కల్లు మానమన్నాడు. ఇందులో వైరుధ్యం ఉన్నదని నేననుకొనను. ఒకటి పరాయివాడు విధించిన నిషేధం, రెండవది తమవాడు కోరిన నియమం.

1930 నాటి ప్రమాదకర ఔషధాల చట్టం నుండి శిక్షలు క్రమంగా పెరిగినవి. తినుటకు నల్లమందు అమ్మే పద్ధతి 1959తో ముగిసినది. 1961 నాటి అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశం చేరినది. తుదకు 1985 నవంబరు 14న మాదక ద్రవ్యాల చట్టం అమలులోనికి వచ్చి పాత చట్టాలను త్రోసివేసినది. వైద్యుని చీటీతో దొరకవలసిన మందులలో కొన్ని కూడ దీని పరిధిలోనివే. నొప్పి నివారణకు వాడే ట్రమడాల్ 2018లో చేరినది. మందుల అంగడివాడు షెడ్యూలు హెచ్‌1 మందుల లెక్కను మూడేళ్లు భద్రపరచవలెనన్న నియమం వేరొకటి.

గంజాయి విషయంలో చట్టం మొదట అయిదేళ్ల వరకు మాత్రమే శిక్ష విధించినది. 2001 సవరణతో తూకమే తీర్పరి అయినది. ఒక కిలో లోపు స్వల్ప పరిమాణం; దానికి ఇప్పుడు ఏడాది వరకు శిక్ష. 20 కిలోలకు మించినది వాణిజ్య పరిమాణం. దానికి పదేళ్లకు తక్కువ కాకుండ ఇరువదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్షకు తక్కువ కాని జరిమానా. నడుమ ఉన్నదానికి పదేళ్ల వరకు. మొక్క పెంచినా పదేళ్ల వరకే. వాణిజ్య పరిమాణపు కేసులో జామీను దొరకుట దుర్లభం. నిందితుడు నిర్దోషి అని నమ్ముటకు తగిన ఆధారాలున్నవనీ, విడిచిన తర్వాత నేరం చేయడనీ న్యాయాధిపతికి తోచవలె.

1879లో కల్లు గుత్తదారు పల్లం నుండి వచ్చినట్లే ఈ కాలంలో గంజాయి వర్తకుడూ కొండల వెలుపలినుండియే వచ్చినాడు. విత్తనం, పెట్టుబడి అతనివి. మెట్ట, చెమట కొండవానివి. శీలావతి అనే రకం ఈ కొండలకు చెడ్డపేరు తెచ్చినది. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేర వేలాది ఎకరాల తోటలు నరికించినారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి చేరువ కోడూరులో దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టినారు. తోటలు పోయినచోట కాఫీ, పసుపు, రాజ్మా వేయించే యత్నాలు సాగినవి.

ఇంతకూ 20 కిలోలంటే ఎంత? కొండవాడు సంతకు మోసుకొనిపోయే కావడి బరువు అంతకు తక్కువ ఉండదు. ఆ కావడిలో గంజాయి ఉంటే కూలికి మోసినవానికీ, లక్షలు పెట్టినవానికీ కనీస శిక్ష ఒక్కటే. పదేళ్లకు తగ్గించే అధికారం న్యాయాధిపతికి లేదు. పెట్టుబడి పెట్టినవానిని శిక్షించుటకు 27ఎ సెక్షను, కుట్రకు 29వ సెక్షను చట్టంలో ఉన్నవి. అయితే ఘాటురోడ్డు మీద తనిఖీలో దొరికేది కావడి, దానిని మోసే భుజం. ఆ బరువు ఎవరు ఎత్తించినారన్న ప్రశ్న దర్యాప్తులో ఎంత దూరం పోతుందన్నదాని మీదనే ఆ రెండు సెక్షన్ల విలువ ఆధారపడి ఉన్నది.