చవితి విస్తట్లో తుమ్మికూర

వినాయక చవితి నాడు కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఇళ్లలో వండే వంటకాల్లో ఒకదాని తీరే వేరు. ఉండ్రాళ్లు, కుడుములు, పాయసం, పులిహోర అడిగి మరీ వేయించుకునేవి. వాటి పక్కన విస్తరి మూలకు ముదురు పచ్చగా ఒక గంటెడు తుమ్మికూర పడుతుంది. పిల్లలు మూతి ముడుస్తారు. పెద్దలు ‘పండుగ పూట తినాలె’ అంటూ రెండు ముద్దలు కలుపుకుంటారు. మళ్లీ వెయ్యమని మాత్రం ఎవరూ అడగరు. మర్నాటి నుంచి ఏడాది పొడుగునా చాలా ఇళ్లలో ఆ కూర ఊసే ఉండదు. ఇష్టం లేని కూరను ఏడాదికొక్కసారి, అదీ పండుగ నాడే ఎందుకు వండాలి? వానాకాలం రోగాలకు మందు అన్న జవాబు ప్రతి చవితికీ పత్రికల్లో, టీవీల్లో వినపడుతూనే ఉంటుంది. అది చాలని జవాబు. తుమ్మి విస్తట్లోకి మందుగా రాలేదు, ఎవరూ విత్తని పంటగా వచ్చింది. ఈ నేల మీద ఒకప్పుడు భాద్రపదం ఎట్లా గడిచేదో చెప్పే ఆధారాల్లో అది ఒకటని నా వాదన.

ముందు మొక్క సంగతి. తుమ్మి తులసి కుటుంబానికి చెందింది, వృక్షశాస్త్రంలో దాని ప్రజాతి పేరు ల్యూకాస్. తొలకరి పడ్డాక చెలకల్లో, గెట్ల మీద, బీళ్లలో తనంత తానే మొలుస్తుంది. పలకలు తేలిన కాడ, గరుకైన సన్నని ఆకు, కణుపు కణుపుకూ గుండ్రటి ముళ్ల బంతిలాంటి గుత్తి, అందులోంచి తొంగిచూసే తెల్లటి చిన్న పూలు. చవితి నాటికి మొక్క పూతకు వచ్చేస్తుంది కాబట్టి కొసలు మాత్రమే గిల్లుకోవాలి. గుత్తులు ఏరి పారేయకపోతే నోట్లో గుచ్చుకుంటాయి. వాన చినుకులకు ఎగిరిన మట్టి ఆకు నూగులో ఇరుక్కుని ఉంటుంది, ఒక్క కడుగుడుతో పోదు. సన్నగా తరిగి, కాస్త నూనెలో పచ్చి వాసన పోయేదాకా మగ్గించి, నానిన పెసరపప్పు, చింతపండు రసం, ఉప్పు, కారం వేసి ఉడికించి పోపు పెడతారు. కొందరు చివర్లో వేయించిన నువ్వుల పొడి చల్లుతారు. ఈ వంటలో ఒక్కో దినుసు చేసే పని గమనించండి. చేదును చింతపండు కప్పుతుంది, గరుకును పప్పు మింగుతుంది, ఘాటైన వాసనను పోపు, నువ్వులు మరిపిస్తాయి. రుచి కోసం ఏరి తెచ్చుకున్న ఆకుకు ఇంత ముసుగు అక్కర్లేదు. అంటే ఈ ఆకు విస్తట్లోకి వచ్చిన కారణం రుచి కాదు. వండేవాళ్లకూ అది తెలుసు.

పోనీ, శాస్త్రం చెప్పిందా? వినాయక వ్రతకల్పం చెప్పే పత్రి ఇరవై ఒకటి. మాచీపత్రం, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, వావిలి, జమ్మి, మద్ది, జిల్లేడు, ఇట్లా సాగే ఆ జాబితాలో తుమ్మి లేదు. నైవేద్యాల్లోనూ కనబడదు. శివుడికి తుమ్మిపూలు ప్రీతి గనుక కొడుకు పండుగకు తుమ్మికూర అని కొందరు ముడివేస్తారు. అదే నిజమైతే పువ్వు పూజ పళ్లెంలో ఉండాలి గానీ ఆకు కూరగిన్నెలోకి ఎందుకొచ్చింది? పైగా అదే వ్రతకల్పం, అదే కథ చదువుకునే కోస్తా జిల్లాల్లో చాలా ఇళ్లకు ఈ నియమమే తెలియదు. పుస్తకం ఒకటే అయినా కూర ఒకచోట తప్పనిసరి, మరోచోట అసలు లేదు. అప్పుడు కారణాన్ని పుస్తకంలో కాక నేలలో వెతకాలి. పత్రి పూజారి నోటి జాబితా, తుమ్మి వంటింటి జాబితా. రెండూ ఒకే రోజున కలిశాయి, అంతే.

భాద్రపదం వాన మీద ఆధారపడిన రైతుకు చిక్కు నెల. జొన్న ఇంకా ఎదుగుతూనే ఉంటుంది, చేతికి రావడానికి నెలలు పడుతుంది. కిందటేడు గింజ గుమ్మి అడుగుకు చేరుతుంది. చేలల్లో మాత్రం చేతినిండా పని: కలుపు. నడుము వంచి కలుపు తీసే ఆడకూలీలు పీకినదంతా గెట్టు మీద పారేయలేదు. తినదగ్గది ఒళ్లో వేసుకుని ఇంటికి తెచ్చారు. గునుగు, దొగ్గలి, ఎన్నాద్రి, పొన్నగంటి, గంగవాయిలి, తుమ్మి, ఇవన్నీ అట్లా పొయ్యి మీదికి ఎక్కినవే. ఇది ఊహ కాదు. పక్కనే జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు తమ చేలల్లో విత్తకుండా మొలిచి కూరకు పనికొచ్చే ఆకులను పదుల సంఖ్యలో పేరు పేరునా చెప్పగలిగారు. బయటివాళ్లకు కలుపు, వాళ్లకు కూర. మరి నిజాం కాలపు రికార్డుల్లో ఇదంతా ఎందుకు లేదని అడగవచ్చు. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టినప్పటి నుంచి తాలూకా కచేరీలు తరి (మాగాణి) ఎంత, ఖుష్కి (మెట్ట) ఎంత, ఏ పంట మీద ఎంత శిస్తు అని రాస్తూ వచ్చాయి. శిస్తు కట్టని మొక్కకు ఆ దస్తరంలో గడి ఉండదు. రికార్డు మౌనంగా ఉందంటే జనం తినలేదని కాదు, సర్కారుకు అందులో దమ్మిడీ రాలేదని.

కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాల భూమి చరిత్ర తెలిస్తే చవితి విస్తరి మరింత బాగా అర్థమవుతుంది. ఎల్లారెడ్డి దగ్గర పోచారం చెరువు 1922 నాటికి పూర్తయింది. మంజీర మీద అచ్చంపేట దగ్గర ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మొదలైన నిజాంసాగర్ 1931కి ముగిసింది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ 1930ల చివర్లో వచ్చింది. కాలువ కింద వరి, చెరకు పెరిగాయి, కామారెడ్డి బెల్లం మార్కెట్ పేరు దూరం పాకింది. అయితే ఆ నీళ్లలో ఎక్కువ భాగం దిగువకు, బాన్సువాడ, బోధన్ వైపు పారాయి. ఎగువన ఉన్న ఎర్ర చెలకలు వాననే నమ్ముకున్నాయి. అంతకుముందు కూడా వరి లేదని కాదు, గొలుసు చెరువుల కింద ఉంది. కానీ చెలక రైతు ఇంట్లో రోజూ తినేది జొన్న రొట్టె, జొన్న గట్క. బియ్యం పండుగకు వండుకునేది. ఇప్పుడు విస్తరి చూడండి. ఉండ్రాళ్లకు బియ్యపు రవ్వ, కుడుములకు బియ్యప్పిండి, పాయసానికి బెల్లం, అన్నీ తరి పంటలే, నీళ్లున్నవాడి పొలంలోంచి వచ్చినవే. వాటి పక్కన కూర్చున్న తుమ్మికి నీళ్లూ అక్కర్లేదు, విత్తనమూ అక్కర్లేదు, పైసా అక్కర్లేదు. ఏడాదిలో ఎంతో కష్టపడి కొనుక్కునే తీపి, ఏ కష్టమూ లేకుండా దొరికే చేదు ఒకే ఆకులో పడ్డాయి. చెలక ఊళ్ల పండుగ భోజనానికి అంతకు మించిన లెక్కాపత్రం నాకు కనబడలేదు.

ఈ వాదనకు మద్దతుగా నిలిచే గట్టి సాక్ష్యం సరిహద్దు అవతల ఉంది. మద్నూర్, జుక్కల్ దాటితే నాందేడ్ జిల్లా. 1956 దాకా అదీ ఇదీ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. మహారాష్ట్రలో చవితి మర్నాడు ఋషి పంచమి. ఆ రోజు ఆడవాళ్లు వండే కలగూరకు ఒక నియమం ఉంది: ఎద్దు దున్నిన నేలలో పండినది అందులో పడకూడదు. తోటకూర జాతి ఆకులు, చామ ఆకు, కంద, పెరట్లో పాకిన కాయలు కలిపి వండుతారు. అక్కడ నియమాన్ని పైకే చెబుతారు. ఇక్కడ ఎవరూ చెప్పరు, కానీ ఒక్కరోజు తేడాతో అదే నెలలో, నాగలి అక్కర్లేని ఆకు పొయ్యి మీదికి వస్తుంది. అది వ్రతం, ఇది మామూలు కూర, రెండూ ఒకటెట్లా అవుతాయి అనవచ్చు. ఒకటని నేను అనడం లేదు. ఒకదాన్ని చూసి మరొకరు నేర్చుకున్నారనీ అనడం లేదు. ఒకే వానకాలం, ఒకే ఎర్ర, నల్ల నేలలు, ఒకే ఖాళీ గుమ్మి పక్కపక్క ఊళ్ల వంటిళ్లను ఒకే దారి పట్టించాయంటున్నాను. అంతెందుకు, పున్నమి దాటి ఇంకో పక్షం గడిచి అమావాస్య వస్తే బతుకమ్మ మొదలవుతుంది. అందులో పేర్చే గునుగు చేలో కలుపు, తంగేడు బీడు మీది పొద. కలుపును పండుగ చేసుకోవడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు.

ఇక మందు వాదన. తుమ్మి ఆకు రసం జలుబుకు, తలనొప్పికి పల్లెల్లో వాడతారు, కాదనను. కానీ ఏడాదికి ఒక గంటెడు, అదీ పప్పులో చింతపండులో ఉడికించి తింటే వానాకాలమంతా కాపాడుతుందని నమ్మడం కష్టం. మందే అయితే ఆషాఢంలోనే మొదలుపెట్టి శరత్తు దాకా తినిపించేవాళ్లు. మన పూర్వీకులు చేసిన ప్రతి పనికీ డాక్టరు చీటీ అతికించే అలవాటు ఇటీవలిది. పూర్వీకులకు ఆకలి ఉండేదని ఒప్పుకోవడం కంటే విజ్ఞానం ఉండేదని చెప్పుకోవడం గౌరవంగా ఉంటుంది కాబట్టి ఆ అలవాటు బాగా చెల్లుతోంది. ఇంకొక వాదన కాస్త బరువైనది. తీపి పక్కన చేదు ఉండాలన్న ఉగాది పచ్చడి సూత్రమే ఇక్కడా పనిచేస్తోందని. చేదే కావాలంటే ఆ రోజుల్లో పందిరి నిండా కాకరకాయ ఉంటుంది, తుమ్మి కంటే కాకర వేపుడు వెయ్యి రెట్లు రుచి. అయినా కాకర పెట్టి సరిపెట్టుకోరు, తుమ్మే కావాలంటారు. పెంచిన చేదు చెల్లదు, మొలిచిన చేదే చెల్లుతుంది.

ఇష్టం లేని కూరను పండుగకు వండేది మనమొక్కరమే కాదు. ఇంగ్లండులో క్రిస్మస్ భోజనంలో బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ అనే గోలీకాయంత క్యాబేజీలు ఉండి తీరాలి. తిట్టుకుంటూనే తింటారు. గడ్డకట్టే చలిలో నిలిచే కూర కాబట్టి ఆ కాలపు విందులోకి అది చేరిందనుకోవచ్చు. అయితే 1990ల్లో హాన్స్ వాన్ డోర్న్ అనే డచ్ శాస్త్రవేత్త దాని చేదుకు కారణమైన పదార్థాలను గుర్తించాక విత్తన కంపెనీలు చేదు తగ్గిన రకాలు తెచ్చాయి. తుమ్మికి ఆ యోగం పట్టలేదు. విత్తనం అమ్ముడుపోని మొక్క చేదు తగ్గించడానికి ఏ కంపెనీకి ఏం అవసరం?

పండుగలో ఊరంతా కనబడే భాగం వయసులో చిన్నది. వీధి గణపతిని పుణెలో తిలక్ 1893లో పెద్ద ఎత్తున సాగించారు. హైదరాబాద్‌లో ఖైరతాబాద్ గణపతి 1954లో వెలిశాడు. బాలాపూర్ లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై 2024 నాటికి 30 లక్షలు దాటింది. మండపంలో ప్రసాదంగా పులిహోర పంచుతారు, లడ్డూ పంచుతారు. తుమ్మికూర పంచిన మండపం గురించి వినలేదు. అది ఇంట్లోనే ఉండిపోయింది, దాన్ని నిలబెట్టిందీ ఇంట్లో ఆడవాళ్లే.

ఇప్పుడు దానికి కొత్త ఇబ్బంది వచ్చింది. కామారెడ్డి చుట్టుపక్కల చెలకల్లో జొన్న పోయి మక్క వచ్చింది. మక్క విత్తిన ఒకటి రెండు రోజులకే తడి నేల మీద అట్రాజిన్ కొడితే వెడల్పాకు కలుపు మొలకెత్తకుండానే పోతుంది. కూలి రేట్లు చూస్తే రైతును తప్పుపట్టలేం, ఎకరా కలుపు తీయించే డబ్బుతో మందు చాలాసార్లు కొట్టవచ్చు. కాకపోతే కలుపుతో పాటు కూరా పోతుంది, ఏది కూరో ఏది కాదో చూసి చెప్పే కలుపు తీసే చేతులూ పోతాయి. అందుకే ఇప్పుడు చవితి ముందు రోజు బజారులో పత్రి కట్టలతో పాటు తుమ్మి కట్టలూ అమ్మకానికి వస్తాయి. ఒకప్పుడు ఒళ్లో వేసుకొచ్చిన ఆకుకు ఇప్పుడు బేరం ఆడాలి. ఆ కట్టల్లో కొన్ని చేలలోంచి కాక ఊరి అంచు నేలల్లోంచి రావడంలో వింత లేదు. దున్నడం మానేసి హద్దురాళ్లు పాతి, ఇల్లు కట్టకుండా వదిలేసిన ప్లాట్లలో తుమ్మి బాగా పెరుగుతుంది. మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాలు పోతాయని కామారెడ్డి రైతులు 2023 జనవరిలో రోడ్డెక్కితే మున్సిపాలిటీ ఆ ప్లాన్‌ను వెనక్కి తీసుకుంది. అయినా జాతీయ రహదారి వెంట ప్లాట్లు పెరుగుతూనే ఉన్నాయి. ఎద్దూ ట్రాక్టరూ దిగని ఆ నేలల్లో కలుపు మందు కొట్టేవాడు కూడా లేడు.