130 డాలర్ల చెక్కు: సూపర్‌మ్యాన్‌ని పుట్టించిన ఇద్దరి పేర్లు ఎలా పోయాయి, ఎలా తిరిగొచ్చాయి

ఈ ఎపిసోడ్‌లో ఒక చెక్కు కథ చెప్పుకుందాం. దాని మీద తేదీ 1938 మార్చి 1. మొత్తం 412 డాలర్లు. అందులో ఒక పద్దు సూపర్‌మ్యాన్ పేరు మీద ఉంటుంది: 130 డాలర్లు. 13 పేజీల కథ, పేజీకి పది డాలర్ల లెక్క అన్నమాట. ఆ చెక్కు మీద ఇద్దరి పేర్లకీ స్పెల్లింగ్ తప్పు పడింది. అందుకని వెనకవైపు ఇద్దరూ తప్పు స్పెల్లింగ్‌తో ఒకసారి, సరైన స్పెల్లింగ్‌తో ఇంకోసారి సంతకం పెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు వాళ్ల గొడవ కూడా పేరు గురించే.

ఎవరు వీళ్లు? రచయిత జెర్రీ సీగెల్, బొమ్మలు వేసింది జో షూస్టర్. ఇద్దరూ 1914లో పుట్టారు, ఇద్దరివీ వలస వచ్చిన యూదు కుటుంబాలు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గ్లెన్‌విల్ హైస్కూల్లో స్నేహితులయ్యారు. అది ఆర్థిక మాంద్యం రోజులు. సైన్స్ ఫిక్షన్ పిచ్చితో సొంతంగా ఒక చిన్న పత్రిక నడిపారు. 1933లో అందులోనే సూపర్‌మ్యాన్ అనే మాట మొదటిసారి వాడారు. తమాషా ఏంటంటే, ఆ కథలో సూపర్‌మ్యాన్ విలన్!

తర్వాత వాడిని హీరోగా మార్చి, దినపత్రికల్లో రోజూ వచ్చే బొమ్మల కథగా తయారుచేశారు. ఏళ్ల తరబడి ఎవరికి పంపినా వద్దనే అన్నారు. చివరికి న్యూయార్క్‌లో డిటెక్టివ్ కామిక్స్ వాళ్లు కొత్త పుస్తకం మొదలుపెడుతూ, అర్జెంటుగా పేజీలు నింపడానికి ఈ కథ తీసుకున్నారు. దినపత్రిక కొలతల్లో గీసిన బొమ్మల్ని కత్తిరించి, పుస్తకం పేజీకి సరిపోయేలా అతికించి పంపారు మనవాళ్లు. అదే యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక. అట్ట మీద 1938 జూన్ అని ఉంటుంది, వెల పది సెంట్లు.

ఇప్పుడు అసలు విషయం. డబ్బుతో పాటు ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారు. దాని ప్రకారం ఆ 13 పేజీలే కాదు, ఆ పాత్ర మీద హక్కులన్నీ శాశ్వతంగా కంపెనీవే. ఇది మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి తెలిసిన సంగతే: ఉద్యోగంలో ఉండగా రాసిన కోడ్ కంపెనీదని ఆఫర్ లెటర్‌లోనే ఉంటుంది. కానీ ఇక్కడొక తేడా ఉంది. సూపర్‌మ్యాన్‌ని ఏ కంపెనీ జీతం ఇచ్చి చేయించలేదు. సంతకం పెట్టేనాటికే వాడు పుట్టి ఏళ్లయింది. అప్పటి కామిక్స్ వ్యాపారంలో పద్ధతే అది. పేజీకి ఇంత అని ఇస్తారు, ఆ తర్వాత ఆ పాత్రతో వచ్చే లాభంలో హక్కుగా రావాల్సింది ఏమీ ఉండదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. మొదటి పదేళ్లూ వాళ్లు ఆకలితో ఏమీ లేరు. సూపర్‌మ్యాన్ కథలు చేసి ఇచ్చినందుకు మంచి డబ్బే వచ్చింది, క్లీవ్‌లాండ్‌లో సొంత స్టూడియో పెట్టుకున్నారు. కానీ అది పని ఉన్నన్నాళ్లే. సీగెల్ సైన్యంలో ఉండగా కంపెనీ ఆయన్ని అడక్కుండానే సూపర్‌బాయ్‌ని మొదలుపెట్టింది. 1947లో ఇద్దరూ కోర్టుకెక్కారు. సూపర్‌బాయ్ సీగెల్‌దే, సూపర్‌మ్యాన్ మాత్రం కంపెనీదే అని తేలింది. 1948లో సుమారు 94 వేల డాలర్లకి రాజీ పడి, రెంటినీ వదిలేసుకున్నారు. పని పోయింది. పుస్తకాల మీద వాళ్ల పేర్లూ పోయాయి.

తర్వాతి ముప్ఫై ఏళ్లలో పిల్లలు సూపర్‌మ్యాన్ చదివారు, టీవీలో చూశారు. ఎవరు పుట్టించారో పుస్తకంలో ఎక్కడా లేదు. సీగెల్ మళ్లీ అదే కంపెనీకి వెళ్లి పేరు లేకుండా కథలు రాశాడు. హక్కుల మాట ఎత్తేసరికి ఆ పని కూడా పోయింది. తర్వాత లాస్ ఏంజెలిస్‌లో గుమాస్తాగా చేశాడు. షూస్టర్‌కి చూపు దాదాపు పోయింది.

1975లో సూపర్‌మ్యాన్ మీద భారీ సినిమా వస్తోందని తెలిసింది. సీగెల్ పత్రికలకి ఒక పెద్ద లేఖ రాశాడు. ఆ సినిమా ఆడకూడదని అందులో శాపమే పెట్టాడు! నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ అనే ఇద్దరు కామిక్స్ చిత్రకారులు ఈ విషయాన్ని పట్టుకుని టీవీలకి, పేపర్లకి ఎక్కించారు. సినిమా ముందు చెడ్డపేరు ఎవరికి కావాలి? ఆ డిసెంబర్లోనే వార్నర్ సంస్థ దిగొచ్చింది. ఒక్కొక్కరికి ఏడాదికి 20 వేల డాలర్లు ఇస్తామంది. దాంతో పాటు సృష్టికర్తలుగా పేర్లు వేస్తామంది. చట్టం ప్రకారం వాళ్లకి ఏ హక్కూ మిగల్లేదని గుర్తుపెట్టుకోండి. ఇది కోర్టులో గెలిచింది కాదు, సిగ్గుపడేలా చేసి గెలిచింది. 1978లో సినిమా వచ్చినప్పుడు తెర మీద ఇద్దరి పేర్లూ పడ్డాయి.

కనీసం వీళ్లకి చూపించడానికి ఒక చెక్కయినా ఉంది. బ్యాట్‌మ్యాన్ సంగతి చూడండి. 1939లో బాబ్ కేన్ వేసిన మొదటి బొమ్మలో ఎర్ర దుస్తులు, కళ్లకి చిన్న మాస్కు, వీపుకి గట్టి రెక్కలు. చెవులున్న ముసుగు పెట్టమని, రెక్కలు తీసి కేప్ వేయమని, ఆ ఎరుపు వద్దని చెప్పింది బిల్ ఫింగర్. మొదటి కథ రాసింది కూడా ఆయనే. కానీ కంపెనీతో ఒప్పందం చేసుకుంది కేన్ ఒక్కడే. ఫింగర్ 1974లో పోయాడు. మార్క్ టైలర్ నోబుల్‌మన్ అనే రచయిత వెతికి వెతికి ఆయన మనవరాలు అథీనాని కనుక్కున్నాడు. 2015లో గానీ కంపెనీ ఒప్పుకోలేదు. అప్పటికి బ్యాట్‌మ్యాన్ వయసు 76 ఏళ్లు.

మొదట్లో చెప్పిన ఆ చెక్కు 2012లో వేలానికొచ్చింది. ఎంతకి పోయిందో తెలుసా? 1,60,000 డాలర్లకి. సూపర్‌మ్యాన్‌కి ఇచ్చిన దానికి వెయ్యి రెట్ల పైనే. అప్పటికి షూస్టర్ పోయి 20 ఏళ్లు, సీగెల్ పోయి 16 ఏళ్లు.

ఈసారి సూపర్‌మ్యాన్ సినిమా చూస్తే టైటిల్స్ స్కిప్ చేయకండి. ఆ రెండు పేర్లు అక్కడికి రావడానికి ఒక జీవితకాలం పట్టింది. ఇలాగే పేరు దక్కని రచయితలు, ఆర్టిస్టులు మీకు తెలిస్తే కామెంట్స్‌లో రాయండి, వాళ్ల గురించి కూడా మాట్లాడుకుందాం. ఉంటానండీ.